కాక్లియర్ ఇంప్లాంట్ పిల్లలకు నిలకడ పరీక్ష ఎందుకు చేయడం లేదు?

కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్న పిల్లల తల్లిదండ్రులు కొందరు తమ కాగితాల కట్టతో నా దగ్గరకు వస్తుంటారు. పదవీ విరమణ చేసి పుష్కరం దాటినా, ‘మీరొకసారి చూసి సరేననండి’ అని అడిగే బంధువులకూ, వారి బంధువులకూ కొదవలేదు. ఆ కట్టలో ఓ.ఏ.ఈ. ఉంటుంది, బెరా ఉంటుంది, సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రాలుంటాయి, రక్తపరీక్షలు, పిల్లల వైద్యుని అభిప్రాయం, టీకాల చీటీ, అన్నీ ఉంటాయి. నేను వెతికే కాగితం ఒకటి మాత్రం ఇంతవరకు ఏ కట్టలోనూ కనబడలేదు. బిడ్డ శరీర సమతౌల్యం ఎలా ఉంది, లోపలి చెవిలో ఆ పని చేసే భాగం పనిచేస్తున్నదా లేదా అని చెప్పే కాగితం అది. ఒక పెద్ద ఆసుపత్రిలో ఈ మాట అడిగితే, ‘మా ఫారంలో ఆ గడి లేదు సార్’ అని ఒక యువ వైద్యుడు మర్యాదగానే బదులిచ్చాడు. అతను చెప్పింది నిజమే. ఆ గడి ఉండాలన్నదే ఈ వ్యాసంలో నా వాదన.

చెవి వినడానికే ఉన్నదని సామాన్యంగా అనుకొంటాం. కణత ఎముక లోతులో, శరీరంలోని అతి గట్టి ఎముకల్లో ఒకటైన చోట, చాలా కొద్ది స్థలంలో రెండు ఇంద్రియాలు కాపురముంటాయి. ఒకటి నత్తగుల్ల వలె చుట్టుకొన్న కోక్లియా. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చడం దాని పని. దాని పక్కనే పేటిక, పేటికకు అతుక్కొని ఒకదానికొకటి లంబంగా నిలిచిన మూడు అర్ధవృత్తాకార కుల్యలు ఉంటాయి. తల తిరిగినప్పుడల్లా కుల్యలలోని ద్రవం కదిలి, ఎటు తిరిగిందో ఎంత వేగంగా తిరిగిందో మెదడుకు చెబుతుంది. పేటికలో యుట్రికిల్, సాక్యుల్ అనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలోని సున్నపు రేణువుల బరువును బట్టి ఏది పైన, ఏది కింద అన్నది కళ్లు మూసుకొన్నా మనకు తెలుస్తుంది. ఈ రెండు ఇంద్రియాలలోని ద్రవం ఒకటే. కదలికను పసిగట్టే రోమకణాల తీరు ఒకటే. వార్త మోసే ఎనిమిదవ కపాలనాడి కూడా ఒకటే. గర్భస్థ దశలో రెండూ ఒకే చిన్న బుడగ నుండి రూపొందుతాయి. ఇంత దగ్గరి చుట్టాలు కనుక ఒకదానికి వచ్చిన ఆపద రెండవదానికి రాకుండా ఉండడమే వింత.

పారిస్‌లోని రోబేర్ దెబ్రే ఆసుపత్రిలో సిల్వెట్ వీనర్-వాషర్ అనే వైద్యురాలి బృందం, కాక్లియర్ ఇంప్లాంట్ కోసం వచ్చిన 224 మంది పిల్లలను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. రెండు చెవులలోనూ సమతౌల్య భాగం సవ్యంగా ఉన్నవారు సగం మందే. ప్రతి ఐదుగురిలో ఒకరికి రెండు వైపులా అది పూర్తిగా మూగబోయి ఉంది. తక్కిన వారిలో పాక్షికమైన లోపాలు కనిపించాయి. చెవుడుకు కారణాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. మెదడుపొర వాపు జ్వరం, అంటే మెనింజైటిస్ తరువాత వినికిడి పోయిన పిల్లలలో, గర్భంలో ఉండగా సైటోమెగలో వైరస్ సోకిన పిల్లలలో, లోపలి చెవి నిర్మాణమే సరిగా ఏర్పడని పిల్లలలో సమతౌల్య లోపం హెచ్చు. పుట్టు చెవుడుకు తరచు కారణమయ్యే కనెక్సిన్ 26 జన్యులోపంలో ఈ భాగం చాలా మందిలో బాగానే ఉంటుంది. కాబట్టి ‘చెవిటి పిల్లలందరూ తూలుతారు’ అనడం ఎంత తప్పో, ‘చెవుడే కదా, కాళ్లకేం సంబంధం’ అనడమూ అంతే తప్పు. ఏ బిడ్డ సంగతి ఏమిటో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఇదంతా నిన్న మొన్న కనుగొన్న సంగతి కాదు. అమెరికా తత్వవేత్త, మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లో ఒక వ్యాసం రాశాడు. బధిరులైన 519 మందిని గుండ్రంగా తిప్పి, కళ్లు తిరుగుతున్నాయా అని విచారించాడు. 186 మందికి ఎంత తిప్పినా ఏమీ కాలేదు, 134 మందికి కొద్దిగా మాత్రమే తిరిగినట్లనిపించింది. పోలిక కోసం హార్వర్డ్‌లో చెవులు బాగున్న దాదాపు 200 మంది విద్యార్థులను, అధ్యాపకులను తిప్పి చూస్తే కళ్లు తిరగనివాడు ఒక్కడే తేలాడు. యంత్రం లేదు, విద్యుత్తు లేదు. తిప్పడం, అడగడం, లెక్క రాసుకోవడం, ఇంతే ఆ పరిశోధన. వైద్యకళాశాలల్లో ఈ వ్యాసాన్ని చదివించాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ తరువాత 1950ల చివరి నుండి అమెరికా నౌకాదళ వైద్యులు గాలోడెట్ బధిర కళాశాలకు చెందిన 11 మందిని అంతరిక్ష ప్రయాణ పరిశోధనల కోసం ఎన్నుకొన్నారు. వారిలో ఒక్కరు తప్ప అందరూ మెనింజైటిస్ వల్ల వినికిడి కోల్పోయినవారే. నోవా స్కోషియా దగ్గర పోటెత్తిన సముద్రంలో ఓడ ఊగిపోతుంటే పరిశోధకులు వాంతులతో సొమ్మసిల్లారట. ఈ బధిరులు నిశ్చింతగా పేకాడుకొన్నారట. లోపలి చెవి పనిచేయకపోతే సముద్రపు తిప్పుడు కూడా పట్టదు!

మన తరం ప్రభుత్వ వైద్యులకు ఈ లోపం ఎలా ఉంటుందో పెద్దవారిలో బాగా తెలుసు. క్షయకు నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు వేసిన రోజుల్లో, ఆ మందు కొందరిలో వినికిడి కంటే ముందు సమతౌల్య భాగాన్ని దెబ్బతీసేది. పగలు పరవాలేదనిపించే మనిషి దీపాలార్పిన వార్డులో గోడ పట్టుకొని తప్ప మరుగుదొడ్డికి వెళ్లలేకపోయేవాడు. ఆ మందు వల్లనే సమతౌల్యం కోల్పోయిన ఒక అమెరికా వైద్యుడు 1952లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో, పేరులోని మొదటి అక్షరాలు మాత్రమే ఇచ్చి, తన అవస్థను వర్ణించాడు. నడుస్తూ ఉంటే లోకమంతా ఎగిరెగిరి పడుతున్నట్లు కనబడి ఎదుటివారి ముఖం ఆనవాలు పట్టలేకపోయేవాడు. తలను మంచం ఊచలకు ఆనించి కదలకుండా పెట్టుకొంటే తప్ప పుస్తకంలోని అక్షరాలు నిలిచేవి కావు. అతనికి పూర్వం ఎలా ఉండేదో తెలుసు కనుక చెప్పగలిగాడు. పుట్టుకతోనే ఆ ఇంద్రియం లేని బిడ్డకు పోల్చి చూసుకోవడానికి ఏమీ లేదు. తనకు కనబడే లోకమే అందరికీ కనబడుతున్నదని అనుకొంటుంది. కళ్లు తిరుగుతున్నాయని ఏనాడూ ఫిర్యాదు చేయదు. రెండు వైపులా సమంగా పోయినప్పుడు అసలు కళ్లు తిరగవు కూడా.

అందుకే ఈ లోపం ఇంట్లో ఎవరి కంటా పడదు. బిడ్డకు మెడ ఆలస్యంగా నిలుస్తుంది, కూర్చోవడం ఆలస్యమవుతుంది, ఏడాదిన్నర దాటినా అడుగు వేయడు. ‘వాళ్ల తాతా ఇంతే, రెండేళ్లకు గాని నడవలేదు’ అని పెద్దలు సర్దిచెబుతారు. వైద్యులేమో చెవుడుతో పాటు ఎదుగుదల లోపం కూడా ఉందని రాసేస్తారు. బుద్ధిమాంద్యం ఉందేమోనని అనుమానించి శస్త్రచికిత్సకు వెనుకాడిన సందర్భాలూ ఉన్నాయి. నిజానికి ఆ బిడ్డ మెదడు చక్కగా ఉండి, లేని ఇంద్రియం పనిని కళ్లతోనూ అరికాళ్లతోనూ నెట్టుకు రావడానికి శ్రమపడుతూ ఉంటుంది. జాతరలో రంగులరాట్నం ఎక్కి, దిగిన వెంటనే తిన్నగా పరుగెత్తే చెవిటి పిల్లవాడిని చూసి ‘ఎంత ధైర్యమో’ అని మురిసిపోయే తల్లిని చూశాను. అది ధైర్యం కాకపోవచ్చునని నెమ్మదిగా చెప్పవలసి వచ్చింది.

నడక ఆలస్యమైనా చివరికి నడుస్తారు కదా, పరుగెత్తుతారు కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని అడుగవచ్చు. అడిగారు కూడా. పగటివేళ, గట్టి నేల మీద వారు ఇంచుమించు అందరిలాగే తిరుగుతారన్నది నిజం. కరెంటు పోయిన రాత్రి, పిట్టగోడ లేని డాబా మీద, పొలం గట్టు మీద, ఇసుకలోనో బురదలోనో కళ్లూ కాళ్లూ రెండూ సాయం చేయని చోట వారికి ఆసరా ఉండదు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది నీరు. నీటిలో మునిగినప్పుడు అరికాళ్ల కింద నేల ఉండదు, మడ్డినీటిలో కళ్లకు ఏమీ కనబడదు. పైకి రావలసిన దిక్కు ఏదో చెప్పేది లోపలి చెవి ఒక్కటే. అది లేని వ్యక్తి ఈత వచ్చినా అడుగుకే ఈదుకొంటూ పోవచ్చు. విలియం జేమ్స్ తన వ్యాసంలోనే, నీటిలో మునిగి దిక్కు తెలియక తల్లడిల్లిన బధిరుల అనుభవాలను పేర్కొన్నాడు. గోదావరి, కృష్ణా కాలువల గట్ల మీద ఊళ్లున్న మన కోస్తాలోను, దిగుడుబావుల్లో పిల్లలు ఈతలు నేర్చే తెలంగాణ, రాయలసీమ పల్లెల్లోను ఈ ఒక్క హెచ్చరిక తల్లిదండ్రులకు అందితే చాలు, పరీక్షకు పెట్టిన శ్రమ తీరిపోతుంది. ఈతకు వెళ్లేముందు ఇంప్లాంట్ బయటి పరికరాన్ని చాలామంది పిల్లలు తీసివేస్తారు. అంటే ఆ సమయంలో గట్టు మీది నుండి వేసే కేక కూడా వారికి వినబడదు.

చదువు సంగతి కూడా ఉంది. తల కదిలినప్పుడు చూపు చెదరకుండా కళ్లను ఎదురు దిశలో తిప్పేది లోపలి చెవి పంపే సంకేతమే. అది లేనప్పుడు నల్లబల్ల మీది నుండి నోటుపుస్తకం లోకి, పుస్తకంలో నుండి బల్ల మీదికి తల తిప్పిన ప్రతిసారీ అక్షరాలు ఒక క్షణం అలుక్కుపోతాయి. ఇంప్లాంట్ పెట్టినా చదువులో వెనుకబడ్డాడని పిల్లవాడిని, సరిగా శిక్షణ ఇవ్వలేదని స్పీచ్ థెరపిస్టును నిందిస్తుంటారు. చూపు నిలకడ ఎలా ఉన్నదో ఒక్కరైనా చూసి ఉంటారా అని నా అనుమానం.

ఇక ఇంప్లాంట్ విషయానికే వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, కేంద్ర ప్రభుత్వపు ఎ.డి.ఐ.పి. పథకం కూడా తోడయ్యాక, లక్షల రూపాయల ఈ చికిత్స కూలి చేసుకొనే వారి పిల్లలకు సైతం అందింది. ప్రభుత్వాలతో పాటు పథకాల పేర్లు మారినా ఆ మేలు మాత్రం కొనసాగడం సంతోషకరం. అయితే చెవి వెనుక చర్మం కింద అమర్చిన ఆ పరికరానికి తలదెబ్బలు మంచివి కావు. టొరంటో పిల్లల ఆసుపత్రి బృందం 2015లో ప్రచురించిన పరిశీలనలో, సమతౌల్య భాగం పనిచేయని పిల్లలలో ఇంప్లాంట్ చెడిపోయి మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి రావడం అనేక రెట్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. మాటిమాటికీ పడడం, తలకు దెబ్బలు తగలడం ఇందుకు కారణం కావచ్చునని వారి భావన. మనదగ్గర రెండవసారి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ కుటుంబం పడే తిప్పలు నాకు తెలుసు. లక్షలు పెట్టి పరికరం అమర్చే ప్రభుత్వం, అది చెడిపోయే ప్రమాదం ఏ బిడ్డకు ఎక్కువో తెలిపే చౌక పరీక్షను వదిలివేయడం లెక్కల దృష్టితో చూసినా తెలివైన పని కాదు.

శస్త్రచికిత్స వల్ల కలిగే నష్టం మరొకటి. కోక్లియాలోకి తీగను పంపేటప్పుడు పక్కనే ఉన్న సాక్యుల్‌కు, కుల్యలకు దెబ్బ తగిలే అవకాశముంది. పైన చెప్పిన పారిస్ పరిశీలనలోనే, ఒక చెవికి ఇంప్లాంట్ పెట్టి మళ్లీ పరీక్షించిన పిల్లలలో 10 శాతం మందికి ఆ వైపు సమతౌల్యం పూర్తిగా పోయింది. ఒక వైపు పోతే రెండవ వైపు ఆదుకొంటుంది, పిల్లల మెదడు త్వరగా సర్దుకొంటుంది. కాని కుడి చెవిలో మాత్రమే సమతౌల్యం మిగిలి ఉన్న బిడ్డ ఉందనుకోండి. రెండు చెవులకూ వినికిడి సమానంగా లేదు, నిర్మాణంలో తేడా లేదు. ఏ చెవికి ముందు శస్త్రచికిత్స చేయాలి? పరీక్ష చేసి ఉంటే ఎడమ చెవిని ఎన్నుకొంటారు. చేయకపోతే ఆపరేషన్ బల్ల మీద ఏ వైపు అనుకూలమైతే ఆ వైపు. ఇప్పుడు రెండు చెవులకూ ఇంప్లాంట్ పెట్టడం పెరుగుతున్నది. అది మంచిదే, నేను వద్దనడం లేదు. రెండవ చెవికి వెళ్లేముందు మొదటి చెవిలో ఏమి మిగిలిందో చూసుకొని, తల్లిదండ్రులకు ఉన్నది ఉన్నట్లు చెప్పి, సున్నితమైన పద్ధతిలో చేయాలన్నదే నా మాట. సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించుకొనేటప్పుడు ఈ సంగతి ఎంతమందికి చెబుతున్నారు?

మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించే కారణం ఒకటుంది, దాని మీద కాస్త ఎక్కువ రాస్తాను. మేనరికాలు, మేనమామ మేనకోడళ్ల పెళ్లిళ్లు మన తెలుగు నేలలో తరతరాలుగా సాగుతున్నాయి. ఇప్పుడు తగ్గినా పోలేదు. తల్లి నుండి, తండ్రి నుండి ఒకే లోపం గల జన్యువు రెండు ప్రతులుగా బిడ్డకు చేరినప్పుడు వచ్చే వ్యాధులు ఇటువంటి సంబంధాలలో ఎక్కువ. వాటిలో అషర్ సిండ్రోమ్ మొదటి రకం ఒకటి. ఈ బిడ్డకు పుట్టుకతో తీవ్రమైన చెవుడు, పుట్టుకతోనే రెండు వైపులా సమతౌల్య లోపం ఉంటాయి. ఆపైన బాల్యంలోనే రేచీకటి మొదలై, కంటి రెటీనా క్రమంగా క్షీణించి, చూపు చుట్టూ నుండి కుంచించుకు పోతుంది. తొలి ఏళ్లలో కంటి లోపలి భాగం మామూలుగా కనబడవచ్చు కనుక కంటి వైద్యుడు కూడా ఏమీ లేదని పంపివేయవచ్చు. ఆ వయసులో చేతికందే ఆనవాలు ఒక్కటే: చెవిటి బిడ్డ, ఏడాదిన్నర దాటినా నడవలేదు. ఈ రెండు ముక్కలు కలిపి చూసిన వైద్యుడు రెటీనా విద్యుత్ పరీక్షకు, జన్యు పరీక్షకు పంపగలడు. ముందే తెలిసి ఏం లాభమని నిట్టూర్చకండి. రేపు చూపు తగ్గబోయే బిడ్డకు సంజ్ఞల భాష మీద, పెదవుల కదలిక మీద ఆధారపడే బతుకు కష్టమవుతుంది. కనుక వీలైనంత తొందరగా, వీలైతే రెండు చెవులకూ ఇంప్లాంట్ పెట్టి మాటను గట్టిపరచడం ఆ బిడ్డకు జీవితాంతం ఆసరా. తరువాతి కాన్పు గురించి ఆ దంపతులకు సలహా ఇవ్వడానికీ వీలవుతుంది. వంకాయ కూర రుచి తెలియడానికి పొయ్యి దగ్గరకే వెళ్లనక్కరలేదు గాని, ఈ జబ్బును మాత్రం నడక దగ్గర పట్టుకోకపోతే మళ్లీ పట్టుకొనేది చీకట్లో తడుముకొనేటప్పుడే.

ఇక్కడే ఒక పక్కమాట. తరచు పడిపోయే చెవిటి బిడ్డ తూలి పడుతున్నదా, స్పృహ తప్పి పడుతున్నదా అని తప్పక విచారించాలి. జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే వైద్యుల పేరుతో పిలిచే అరుదైన జన్యు వ్యాధిలో చెవుడుతో పాటు గుండె లయ దెబ్బతిని హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదముంది. మామూలు ఇ.సి.జి. దానిని పట్టిస్తుంది. చెవుడుతో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక ఇ.సి.జి. తీయించండి.

పరీక్షలు ఏమిటి? చెవిలో చల్లని, వెచ్చని నీరు పోసి కళ్ల కదలికను చూసే పద్ధతి పాతది. దానిని విశదం చేసిన రాబర్ట్ బరాని 1914 నోబెల్ బహుమతి పొందాడు. పెద్దవారికి బాగానే ఉంటుంది గాని పసివారు సహించరు. తిరిగే కుర్చీలో తల్లి ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి తిప్పి కళ్లను గమనించడం పసివారికి అనువైనది. తలను చటుక్కున కొద్దిగా తిప్పి, చూపు లక్ష్యం మీద నిలిచిందా జారిందా అని చూసే పద్ధతిని హాల్మాజి, కర్థాయిస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1988లో చెప్పారు. ఇప్పుడు దానినే చిన్న కెమెరాతో కొలుస్తున్నారు. ఇంప్లాంట్ ఉన్న బిడ్డకైతే చేయి పరికరం మీద పడకుండా తల పట్టుకోవాలి. వెంప్ అనే మరొక పరీక్షలో చెవి వెనుక ఎముకకు ప్రకంపన ఇచ్చి, మెడ కండరం బదులిచ్చిన తీరును బట్టి సాక్యుల్ పనితనాన్ని తెలుసుకొంటారు. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో 2018 నుండి పుట్టు వినికిడి లోపమున్న శిశువులందరికీ ఆరు నెలల ప్రాయంలో ఈ పరీక్షతో జల్లెడ పట్టే కార్యక్రమం నడుపుతున్నారు. బెరా చేసే చోట ఉండే సిబ్బంది కొద్దిపాటి శిక్షణతో నేర్చుకోగలిగినదే ఇది.

యంత్రాలు లేవని చేతులు ముడుచుకోనక్కరలేదు. నాలుగేళ్లు దాటిన పిల్లవాడిని ఒంటి కాలి మీద నిలబడమనండి, ముందు కళ్లు తెరచి, తరువాత కళ్లు మూసి. టొరంటో బృందం అనేక నిలకడ పరీక్షలను పోల్చి, కళ్లు మూసి ఒంటికాలిపై నిలబడడమే సమతౌల్య లోపాన్ని బాగా పట్టిస్తుందని, నాలుగు సెకన్లు కూడా నిలవలేని బిడ్డను వివరంగా పరీక్షించాలని సూచించింది. దీనికి కావలసినది గడియారం, పక్కన పట్టుకొనే మనిషి. మెత్తని పరుపు మీద కళ్లు మూసుకొని రెండు కాళ్లతో నిలబడమన్నా చాలా తెలుస్తుంది, కింద పరుపు కాళ్ల సాయాన్ని, మూసిన రెప్ప కళ్ల సాయాన్ని తీసివేస్తాయి కదా. మన పిల్లల ఆటలే ఈ పరీక్షలన్నది నాకు ముచ్చట కలిగించే విషయం. తొక్కుడుబిళ్లలో కుంటి గడి దాటడం, ఒప్పులకుప్ప తిరిగి ఆగినప్పుడు తూలడం, కళ్లగంతలు కట్టుకొని తడుముకొంటూ నడవడం, వీటిలో మీ బిడ్డ తోటివారి వలె ఆడుతున్నదా? ఒప్పులకుప్ప తిరిగి ఆగాక అందరూ తూలుతుంటే తానొక్కతే తూలకుండా నిలబడిందా? ఈ రెండు ప్రశ్నలు ఏ ఆశా కార్యకర్త అయినా అడగవచ్చు. పసిబిడ్డల విషయంలోనైతే ప్రశ్నలు ఇంకా తేలిక: మెడ ఎన్నో నెలలో నిలిచింది, అడుగు ఎన్నో నెలలో వేసింది.

కనిపెట్టినా చికిత్స ఏముంది అనేది శస్త్రచికిత్స వైద్యులు తరచు వేసే ప్రశ్న. చచ్చిపోయిన రోమకణాలను బతికించే మందు లేదు, ఒప్పుకొంటాను. కాని వ్యాయామ చికిత్స ఉంది. అమెరికాలో రోజ్ మేరీ రైన్ బృందం 2004లో, వినికిడి, సమతౌల్య లోపాలు రెండూ ఉన్న పిల్లలకు వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున 12 వారాలు వ్యాయామాలు చేయించి, ఒంటి నిలకడలోను కదలికల ఎదుగుదలలోను మెరుగుదల చూపింది. కావలసినవి పరుపు, బంతి, ఊయల, గోడ మీద అంటించిన అక్షరాలు. మన జిల్లాలలోని సత్వర చికిత్సా కేంద్రాలలో ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. ఇంప్లాంట్ అయ్యాక మాట శిక్షణకు ఎలాగూ నెలల తరబడి వచ్చే పిల్లలు వీరు. ఆ వచ్చిన రోజే మరో అరగంట ఈ పని మీద పెడితే కొత్తగా బస్సు చార్జీ కూడా అక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. సమతౌల్య పరీక్ష కోసం ఇంప్లాంట్‌ను వాయిదా వేయకూడదు. మాట నేర్చే వయసు దాటిపోతే తిరిగి రాదు. మెనింజైటిస్ తరువాత చెవుడు వచ్చిన బిడ్డకైతే కోక్లియాలో ఎముక పెరిగి తీగ దూరే దారి మూసుకుపోతుంది కనుక వారాల లెక్కన తొందరపడాలి. అటువంటప్పుడు యంత్రం దొరకలేదని ఆగవద్దు. పది నిమిషాలలో చేతితో చేయగలిగినది చేసి, వివరమైన పరీక్షను తరువాత పెట్టుకోండి. నేను కోరేది అనుమతుల వరుసలో మరొక కిటికీ కాదు. ఆ మాట స్పష్టంగా రాయకపోతే, మన కార్యాలయాల తీరు తెలిసినవాడిని గనుక, రేపు ‘సమతౌల్య ధ్రువపత్రం లేదు’ అని ఎవరో ఒకరు దస్త్రం తిప్పి పంపుతారని నా భయం!

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడును, ఎదుగుదల లోపాలను కనిపెట్టే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ బృందం చేతిలోని కాగితంలో, చెవుడు అనుమానించిన ప్రతి బిడ్డ పేరు ఎదుట మెడ నిలిచిన నెల, నడిచిన నెల రాయించాలి. ఇంప్లాంట్ చేసే ఆసుపత్రులకు ప్రభుత్వం చెల్లించే మొత్తంలోనే, శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, తరువాత కొన్ని నెలలకు ఒకసారి, రెండవ చెవికి వెళ్లేముందు మరొకసారి సమతౌల్య పరీక్షను చేర్చాలి. వెంప్, తల కదలిక కెమెరా యంత్రాలు ప్రతి ఆసుపత్రికీ అక్కరలేదు. రెండు తెలుగు రాష్ట్రాలలోను ప్రాంతానికొక బోధనాసుపత్రిలో ఉంటే ప్రస్తుతానికి సరిపోతాయి.

ఇప్పటికే ఇంప్లాంట్ అయిన పిల్లల తల్లిదండ్రులు ఈ మార్పుల కోసం ఎదురుచూడనక్కరలేదు. తరువాతి సారి మ్యాపింగ్‌కు వెళ్లినప్పుడు, మా బిడ్డకు నిలకడ పరీక్ష చేశారా, చేయకపోతే ఎక్కడ చేయించాలి అని ఆడియాలజిస్టును అడగండి. బిడ్డ నడక ఎప్పుడు మొదలైందో ఒక చీటీ మీద రాసి తీసుకువెళ్లండి. ఫలితం తెలిసే వరకు కాలువకు, బావికి ఒంటరిగా పంపకండి. మెట్ల దగ్గర, స్నానాల గది దారిలో రాత్రివేళ చిన్న దీపం వెలుగుతూ ఉండనివ్వండి. సైకిలెక్కితే శిరస్త్రాణం పెట్టించండి.